గంగమ్మకు పోసిన పులియని అంబలి

నేను ఇంతవరకూ ఏమీ రాసి ఎరగను. ఐదో తరగతితో బడి మానేసినాను. అంగడికి చీటీ రాయాలన్నా మా పాప సుజాతే రాస్తాది. మొన్న జాతరలో నేను చేసిన ఘనకార్యానికి అది రెండు దినాలు కడుపు పట్టుకోని నవ్వి, "అమ్మా, వారపత్రికలో ఊళ్ళోవాళ్ళ పొరపాట్లన్నీ నా చేత చదివించుకోని నవ్వుతావే, నీది మాత్రం ఎవురూ చదవకూడదా?" అని నోటుబుక్కు తెచ్చి నా ముందర పెట్టింది. సరేలే, రాస్తా ఉండాను. తప్పులుంటే మీరే సర్దుకోండి. ఒక్కమాట ముందే చెప్పేస్తాను. నా పేరు మునెమ్మ. జాతర అయినప్పట్నించీ మా వీధిలో నన్ను 'మందుల మునెమ్మ' అంటా ఉండారు. ఆ పేరు ఎట్ల వచ్చిందో వినండి.

మాది చిత్తూరు నించి తిరపతికి పోయే దావలో చిన్న ఊరు. మా ఇంటాయనకు సైకిలు షాపు. పోయిన చలికాలంలో ఆయనకు కామెర్లు వచ్చినాయి. కండ్లు పసుపు పూసినట్లు అయిపోయినాయి. మనిషి మంచంలో ఉండాడా లేదా అని దుప్పటి ఎత్తి చూడాల్సి వచ్చేది, అంత చిక్కిపోయినాడు. ఆకుమందు మింగించినాము, ఆసుపత్రికీ తీసకపోయినాము. అప్పుడు మా అత్త గంగమ్మకు మొక్కుకునింది. "తల్లీ, నా కొడుకు లేచి తిరిగితే జాతరలో రెండు కుండల అంబలి పోస్తాము" అని. మొక్కింది ఆమె. కాచాల్సింది నేను. అదెప్పుడూ అంతే.

మనిషి లేచి తిరిగినాడు. ఎండాకాలమూ వచ్చింది, జాతరా వచ్చింది.

మా పక్క జాతరలో ఎండన పడి వచ్చినోళ్ళకు రాగంబలి పోస్తారు. ఎవురి చెంబు వాళ్ళు తెచ్చుకోని తాగిపోతారు. అది ఊరికే పోసే అంబలి అయితే ఎట్ల కాచినా అడిగేవాళ్ళు లేరు. మొక్కుబడి అంబలికి మాత్రం మా అత్త దగ్గర కట్టుబాట్లు ఉండాయి. దాంట్లో మజ్జిగ కలపకూడదు, ముందు దినం కాచి పెడితే దాని పులుపు దానికే రావాల. అమ్మకు చూపించేదాకా దాన్ని నాలిక మీద పెట్టకూడదు, వాసన కూడా చూడకూడదు. ఇంక మూడోది శానా పెద్దది. దీపాలు పెట్టేయాళకు అమ్మ ఊరేగింపు మా వీధికి వచ్చేసరికి కుండలు ఖాళీ అయిపోయి ఉండాల. అడుగున ఒక గరిటె మిగిలినా మొక్కు తీరనట్టే.

నాకు భయమంతా ఆ మూడోదాని మీదే. ఎందుకంటే పోయిన ఏడాది వీధి తరపున ఒక కుండ నేనే కాచినాను. ఆ ఎండకు అది పొద్దున పదిగంటలకే పొంగి, మూతగుడ్డ తోసుకోని బయటికి వచ్చేసింది. మా ఎదురింటి చెంగమ్మక్క ఒక గుక్క తాగి, బుగ్గ పట్టుకోని, "ఏమ్మే మునెమ్మా, అంబలి పోస్తావని వస్తే పండ్లు పులిసిపోయేట్టు చేస్తివే! ఇంక వారం దినాలు నేను దోసె కూడా నమల్లేను" అనింది. అందరి ముందరా! నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకోని ఇంట్లోకి పోయినదాన్ని సాయంకాలం దాకా బయటికి రాలేదు. నా తీరే అంత. నలుగురిలో నోరు తెరవాలంటే నాకు గొంతులో ఉండ అడ్డం పడతాది.

ఈ ఏడాది అట్ల కాకూడదు అనుకున్నాను. ఆ అనుకోవడమే తప్పయింది.

జాతరకు నెలముందు మా ఊరి మహిళా మండలికి బ్లాకు ఆఫీసు నించి విమల మేడం వచ్చింది. చిన్న వయసే, కండ్లద్దాలు పెట్టుకోని, శానా ఓర్పుగా మాట్లాడతాది. మామిడికాయల కాలం కదా, స్క్వాషు చేసేది, టమోటా సాసు చేసేది నేర్పిస్తానని నాలుగు దినాలు క్లాసు పెట్టింది. నేను చెంగమ్మక్క వీపు వెనకాల కూర్చుంటిని. ఆయమ్మ వీపు వెనకాల ఇద్దురు కూర్చోవచ్చు.

మూడో దినం మేడం రెండు సీసాలు తెచ్చి బల్ల మీద పెట్టింది. రెండూ మామిడి రసమే. ఒకదాంట్లో రసం బుసబుసా పొంగి, బిరడా ఎగరగొట్టి, సీసా మెడంతా నురగ. ఇంకోటి బుద్ధిగా, నిన్న పోసినట్లే ఉండాది.

"రెండూ ఒక్క రోజే పోసినవి. దీంట్లో ఇది కలిపాను" అని తెల్లటి పొడి పొట్లం చూపించింది మేడం. "దీని పేరు సోడియం బెంజోయేట్. ఇదీ ఒక ఉప్పే, కాకపోతే కూరలో వేసుకునే ఉప్పు కాదు. రవ్వంత నీళ్ళలో కరిగించి కలిపితే రసం పులియదు, పొంగదు, బూజు పట్టదు."

పులియదు, పొంగదు! నా కండ్ల ముందర మామిడి రసం యాడుంది? మూతగుడ్డ తోసుకోని వచ్చిన అంబలే కనిపించింది.

'మేడం, దీన్ని అంబలిలో వేయొచ్చునా?' అని అడగాలనుకున్నాను. ఒక్కమాట. మూడుసార్లు నాలిక చివర దాకా వచ్చింది. అడిగితే ఇరవైమంది వెనక్కి తిరిగి చూస్తారు. చూసి, 'ఓ, పోయిన ఏడాది పులిసిన అంబలి కదా!' అంటారు. మింగేసినాను.

చివరి దినం మేడం అందరికీ తలా ఒక పొట్లం, ఒక చిన్న రేకు చెంచా ఇచ్చింది. ఆ చెంచా చూస్తే నవ్వొస్తాది. చెవిలో గుబిలి తీసుకునే పుల్ల దానికంటే నయం. "కిలో రసానికి దీనితో తలగొట్టి ఒక్కటి. అంతకుమించి వేయకూడదు. మరిచిపోతారేమో, రాసుకోండి" అనింది. అందరూ రాసుకున్నారు. నేను మనసులో రాసుకున్నాను. నా మనసులో రాతలు ఎట్లుంటాయో మీకు ఇప్పుడు తెలుస్తాది.

జాతర ముందుదినం మధ్యాన్నానికే రాగిపిండి, నూకలు వేసి అంబలి కాచి, రెండు పెద్ద కుండల్లో పోసి, చల్లారబెట్టినాను. మాపటేళ చల్లారినాక బియ్యం డబ్బా వెనకాల దాచిన పొట్లం తీసినాను. చెంచా చూసినాను. కుండలు చూసినాను. మళ్ళీ చెంచా చూసినాను. ఒక్కో కుండ మా సుజాత కూర్చుంటే మునిగేంత ఉండాది. దానికి ఈ పుల్లా?

మీకు చెప్పలేదు కదా, మా బంధువుల్లో ఏ నామకరణానికైనా, పెండ్లికైనా ఉప్పు వేసేది నేనే. నలభైమంది కానీ, నాలుగొందలమంది కానీ, నా పిడికిలే కొలత. ఇంతవరకూ ఒక్కరు కూడా ఎక్కువైందనీ తక్కువైందనీ అనలేదు. కొలిచి వేసేది చేత కానివాళ్ళ పని అని మా అమ్మ కూడా అనేది. అందుకని ఆ చెంచాను కిటికీలో పెట్టేసినాను. చెంబు నీళ్ళలో కుండకు ఒక పిడికెడు కరగదీసి, పోసి, తెడ్డుతో బాగా కలిపినాను.

అరుగు మీద ఒత్తులు చేసుకుంటా ఉన్న మా అత్త తలకాయ లోపలికి పెట్టి, "ఏందే కలుపుతా ఉండావు?" అనింది.

"ఉప్పు అత్తా" అన్నాను.

నేను అబద్ధం చెప్పలేదు. మేడం కూడా ఉప్పే అనింది.

పొద్దున లేచి చూస్తే రెండు కుండలూ గుడ్డ కట్టినవి కట్టినట్లే ఉండాయి. పొంగలేదు. మామూలుగా అయితే చెవి పెట్టి వింటే లోపల గుసగుసమని శబ్దం వస్తాది. చెవి పెట్టినాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. వాసన చూడకూడదు కాబట్టి ముక్కు మూసుకునే గుడ్డ సర్ది, మనసులో విమల మేడానికి దండం పెట్టుకున్నాను. కుండలకు పసుపు పూసి, వేపాకు కట్టి, అమ్మ దగ్గరికి మోయించి, చూపించి, తెచ్చి మా వీధి మలుపులో పందిరి కింద పెట్టినాము. ఎండ అప్పుడే చురుక్కుమంటా ఉండాది. చెంబులు పట్టుకోని జనం వరస కట్టినారు. ఎర్రగడ్డలు, పచ్చిమిరపకాయలు ఒక చేటలో పెట్టుకోని మా ఇంటాయన పక్కన కూర్చున్నాడు. ఆయన కోసమే మొక్కు కదా, అందరూ ఆయన్ని చూసి "మనిషి బాగైనాడప్పా" అంటా ఉంటే మా అత్త మొగం చూడాల, వెలిగిపోతా ఉండాది.

మొదటి చెంబు చెంగమ్మక్కదే. తాగింది. ఆగింది. నా వైపు చూసింది.

"ఏమ్మే, చక్కెర వేసినావా ఏంది? తియ్యగా ఉండాదే!"

నేను తలకాయ అడ్డంగా ఊపినాను.

వెనకాల ఉన్న పూలంగడి నాగరాజు తాగి, మొగం చిట్లించినాడు. "తీపి యాడుందక్కా? చేదు! కాకరకాయ నమిలినట్టు ఉండాది."

"నీ నాలిక పోయింది రా నాగరాజా. తియ్యగా ఉంటే చేదంటావు."

"నాలిక పోయింది నాకా, నీకా?"

వాళ్ళ వెనకాల బస్సు కండక్టరు ఒకాయన. తీర్పు చెప్పేవాడి మాదిరి ఒక గుక్క పుక్కిలించి మింగినాడు. "తీపీ లేదు, చేదూ లేదు. ఇది ఉప్పు. వట్టి ఉప్పు."

"మాకు అట్లేమీ లేదే, నాలిక మాత్రం జివ్వుమంటా ఉండాది" అని ఇంకెవరో అన్నారు.

ఇంక చూడండి! ఒకరి చెంబు ఒకరు లాక్కోని రుచి చూసేది, "చెప్పలే? చేదు!" అనేది, "పోప్పా, తీపి!" అనేది. ఒకే కుండ, ఒకే గరిటె. కండక్టరాయన చెంగమ్మక్కతో పందెం కూడా కట్టబోయినాడు. అంతలో నాగరాజు ఒకమాట అన్నాడు. "అది సరేగానీ, మనలో పులుపు అనినోళ్ళు ఒక్కరైనా ఉండారా? ఇది అంబలే కదా?"

అందరూ నా వైపు చూసినారు. నేను గరిటె వైపు చూసినాను.

ఒక్కరొక్కరే చెంబులు కింద పెట్టేసినారు. వరస చెదిరిపోయింది. కుండలు రెండూ మెడదాకా అట్లే ఉండాయి.

మా అత్త లేచి వచ్చి, వేలితో తీసుకోని నాలిక మీద వేసుకునింది. ఆమెకు చేదు అనిపించిందంట. కుండను చూసింది, కొడుకును చూసింది. ఆ వెలిగిన మొగం కాస్తా ఆరిపోయింది. "ఒక్క కుండలో నాలుగు రుచులు యాడన్నా ఉంటాయా? అమ్మ ఒప్పుకోలేదు. మొక్కులో ఏదో లోపం జరిగింది" అనింది. తర్వాత కండ్లు తుడుచుకోని, "నాయనా, నువ్వు గుడి చుట్టూ మూడుసార్లు పొర్లుదండాలు పెట్టు. అప్పుడుగానీ తల్లి శాంతించదు" అనింది.

మధ్యాన్నం పన్నెండు గంటలు. మా ఊరి గుడి చుట్టూ బండపరుపు. కుక్క కూడా దాని మీద నిలబడదు, కాలు మార్చి కాలు ఎత్తుకుంటాది. మా ఇంటాయన మంచంలోనించి లేచి మూడు నెలలు కూడా కాలేదు. ఆయన ఏమన్నా కాదంటాడేమోనని చూసినాను. "సరేలేమ్మా" అని చొక్కా గుండీలు విప్పతా ఉండాడు. ఆయన కూడా నా మాదిరే, ఎదురు చెప్పేది తెలీదు. పక్కటెముకలు ఒక్కొక్కటే లెక్కపెట్టవచ్చు.

ఆ చొక్కా భుజం మీదినించి జారినప్పుడు నా గొంతులో ఉండ ఏమైందో తెలీదు.

"ఆగండీ!"

ఎవురు అరిచినారా అని నేను కూడా పక్కకు చూసినాను. నేనే! పలక డప్పులు వాయించేవాళ్ళు కూడా ఆపేసినారు.

"అమ్మకేమీ కోపం రాలేదు. నేనే... నేనే దాంట్లో సోడియం బెంజోయేట్ వేసినాను!"

ఆ పేరు ఇంట్లో వారం దినాలు అనుకుంటే కూడా నోరు తిరగలేదు. ఆ దినం మాత్రం గంట కొట్టినట్లు పలికింది.

"ఏందది?" అనింది చెంగమ్మక్క.

"క్లాసులో ఇచ్చినారే అక్కా. పులియకుండా ఆపే ఉప్పు."

"అది అంబలిలో వేసినావా?"

"ఊ."

"అంబలి పులియకుండా?"

"ఊ."

"అంబలి!"

"ఊ అక్కా."

చెంగమ్మక్క ఆడనే నేలమీద కూలబడి నవ్వింది. నాగరాజు పందిరి గుంజ పట్టుకోని నవ్వినాడు. "ఒదినా, పాలు తోడుకోకుండా ఆపే మందు కూడా ఉంటే మా ఇంటిదానికి మాత్రం చెప్పొద్దు. అసలే ఆమె తోడు వేసేది మరిచిపోతాది!" అన్నాడు. కండక్టరాయన మాత్రం నవ్వలేదు. గొంతు పట్టుకోని, "అమ్మా, ఇది విషం కాదు కదా? నాకు రెండు గంటలకు డ్యూటీ ఉండాది" అన్నాడు. దాంతో తాగినోళ్ళందురూ ఒక్కసారిగా ఉమ్మడం మొదలుపెట్టినారు.

జాతరలోనే మండలి తరపున స్క్వాషు అమ్మతా ఉన్న విమల మేడాన్ని సుజాత పరిగెత్తి పోయి పిలచకొచ్చింది. మేడం కుండలు చూసింది.

"ఎంత వేశారు?"

నేను పిడికిలి చూపించినాను.

"రెండు కుండలకూ కలిపా?"

"కుండకు ఒకటి మేడం."

మేడం కండ్లద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకోని నా పిడికిలి ఇంకొకసారి చూసింది. తర్వాత జనం వైపు తిరిగి, "భయపడకండి. ఒకటి రెండు గుక్కలకు ఏమీ కాదు. నోరు పుక్కిలించి మంచినీళ్ళు తాగండి. ఇక మాత్రం దీన్ని ఎవరూ తాగొద్దు, గొడ్లకూ పెట్టొద్దు" అనింది.

"మరి నాకు ఉప్పుగా, ఈయమ్మకు తియ్యగా ఎందుకుండాది?" అన్నాడు కండక్టరాయన. ఆయనకు ప్రాణం కంటే పందెం ఎక్కువైనట్టుంది.

"దాని గుణమే అంతండీ. ఒక్కొక్కరి నాలుకకు ఒక్కొక్క రుచిగా తెలుస్తుంది. ఇంత వేస్తే మరీ బాగా తెలుస్తుంది."

మా అత్త గుడి వైపు చూసి, "మరి మా అమ్మకు ఏ రుచి తెలిసిందో ఏమో!" అనింది.

మేడం నా దగ్గరికి వచ్చి మెల్లగా, "మునెమ్మగారూ, క్లాసులో ఒక్కమాట అడిగి ఉండకూడదా?" అనింది.

"సిగ్గయ్యింది మేడం."

"ఇప్పుడో?"

వీధి మొత్తం మా చుట్టూ ఉండాది. "ఇప్పుడు పడేదానికి సిగ్గు ఏం మిగల్లేదు మేడం" అన్నాను. నిజంగానే మిగల్లేదు.

మా ఇంటాయన చొక్కా మళ్ళీ తొడుక్కున్నాడు. నాకు సగం ప్రాణం వచ్చింది. కానీ కుండలు అట్లే ఉండాయి కదా! పొర్లుదండాలు వద్దనింది గానీ, కుండలు ఖాళీ కావాల అనే మాట మా అత్త వదల్లేదు. కాలవలో పోయకూడదంట, నేల మీద కుమ్మరించకూడదంట. అమ్మకు చూపించింది అమ్మ పనికే పోవాలంట. ఎవురూ తాగకూడని అంబలి దీపాలు పెట్టేయాళకు ఎట్ల ఖాళీ అవుతాది?

ఆ దావ చూపించింది నాగరాజే. ఆయన జాతర కమిటీలో ఉండాడు. జాతర చివరి దినం ఆడే వీధినాటకం కాయితాలు ఊరంతా అంటించాలంట. "మైదా ఉడికించిన బంక ఈ ఎండకు ఒక్కదినంలో కంపు కొడతా ఉండాది. అంటించింది అంటించినట్లే మేకలు పీక్కోని తింటా ఉండాయి. ఇదేమో గట్టిగా, జిగటగా ఉండాది. మేడం, ఇది చెడుతుందా?"

"ఇప్పట్లో చెడదు" అనింది మేడం. నవ్వు ఆపుకునేదానికి శానా అవస్థ పడింది పాపం.

మా అత్త కుండ అంచు మీద చెయ్యి పెట్టి అడిగింది. "నాటకం ఎవురి కత?"

"గంగమ్మ కతే అవ్వా."

"అయితే అమ్మ పనే. ఎత్తండి."

నలుగురు చేరి బకెట్లలోకి వంచుకున్నారు. బస్టాండు గోడకు, అంగళ్ళ తలుపులకు, కరెంటు స్తంభాలకు, సందు వదలకుండా పూసినారు. మా ఇంటాయన సైకిలు షాపు తలుపుకే మూడు అంటించినారు. దీపాలు పెట్టేయాళకు అమ్మ మా వీధికి వచ్చింది. మా అత్త రెండు కుండలూ కడిగి, పందిరి కింద బోర్లించి పెట్టి, కొడుకు చెయ్యి పట్టుకోని వాటి పక్కన నిలబడింది. అమ్మ ముందర ఆ కుండల అడుగులు నేను ఎప్పుడూ చూడనంత తెల్లగా ఉండాయి.

అయితే నాకు ఒకటి మనసులో ఉండిపోయింది. ఎండన పడి చెంబులు పట్టుకోని వచ్చినోళ్ళు వట్టి చెంబులతో పోయినారు. మొక్కు తీరింది, వాళ్ళ దప్పిక తీరలేదు. అందుకని పొద్దు గుంకకముందే చిన్న కుండలో మళ్ళీ అంబలి కాచి పెట్టింటిని. మిగిలిన పొట్లం, చెంచా మేడానికి తిరిగి ఇచ్చేసినాను. మా అత్త పీట వేసుకోని ఆ కుండ పక్కనే కూర్చునింది, నేను ఉప్పు డబ్బా ముట్టుకుంటే చాలు దగ్గుతాది. ఒక్క రాత్రిలో పులుస్తుందో లేదో అని, చెంగమ్మక్క ఇంట్లోనించి రొంత పాత అంబలి అడుక్కొచ్చి తోడు వేసినాను. ఈసారి పులిసి తీరాల అని రెండు గరిటెలు ఎక్కువే వేసినాను. ఎంత వేయాల అని ఎవురినీ అడగలేదు. చెయ్యి కొలతే.

తెల్లారి కుండ ఎత్తుకోని అమ్మ దగ్గరికి పోతా ఉంటే, బస్టాండు గోడ దగ్గర ఒక మేక నాటకం కాయితాన్ని వాసన చూసి, ఒకసారి నాకి, తలకాయ విదిలించుకోని పోయింది. దానికి ఏ రుచి తెలిసిందో అది చెప్పలేదు.

అమ్మకు చూపించి, తెచ్చి, పందిరి కింద పెట్టినాను. అందరూ వచ్చినారు. చెంగమ్మక్క, నాగరాజు, డ్యూటీకి పోతా పోతా కండక్టరాయన కూడా. చెంబులు ఉండాయి, ఒక్కరూ చాపరే!

"ముందు నువ్వు తాగు మునెమ్మా" అనింది చెంగమ్మక్క.

ఎప్పుడూ అందరికీ పోసి అడుగున మిగిలింది తాగేదాన్ని, ఆ పొద్దు వీధంతా నా నోటివైపే చూస్తా ఉంటే మొదటి గరిటె నేనే పోసుకున్నాను. గుటక వేసినాను. పులుపా అది! పోయిన ఏడాది అంబలి దీని ముందర పాయసం. చెవుల్లో గుయ్యిమనింది, కండ్లలో నీళ్ళు తిరిగినాయి, దవడలు రెండూ బిగుసుకుపోయినాయి.

కొంగుతో కండ్లు తుడుచుకోని, గొంతు సవరించుకోని, అందరికీ వినిపించేట్టు గట్టిగా చెప్పినాను.

"బాగుండాది. రాండి!"